ఐదు వందల మంది బన్నీలు

"మేడమ్, మీ ఇంటికి ఐదు నూర్ల మంది వస్తా ఉండారంట. అందరి పేరూ బన్నీనే! ఏం ఫంక్షన్ మేడమ్?" వాచ్‌మన్ మునియప్ప ఫోన్‌లో అడిగాడు.

బెంగళూరులో సర్జాపుర రోడ్డు మీద మా అపార్ట్‌మెంట్. వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే గేటు యాప్ మా కంపెనీదే. ఒకేసారి ఎంతమంది వచ్చేదాకా యాప్ తట్టుకుంటుందో పరీక్షించే రెండు టూల్స్‌లో ఒకదాన్ని నేను ఎంపిక చేయాలి. మొదటిది యాభై మందికే చతికిలబడింది. రెండోదానికి మా ఫ్లాట్ నంబరు, మా అబ్బాయి బన్నీ పేరు ఇచ్చి, ఐదు వందల మంది ఉత్తుత్తి అతిథులను పంపమన్నాను. టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌కే పంపానని ఫోన్ వచ్చాకే తెలిసింది.

చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. గేటు బయట కార్ల బారు, మధ్యలో బన్నీ స్కూలు వ్యాను. "ఈ లిస్టు అయ్యేదాకా గేటు తెరుచుకోదు మేడమ్. ఇప్పటికి నలభై అయినాయి," అన్నాడు మునియప్ప, ఒక్కో పేరూ నొక్కుతూ.

మావాడు వ్యాను కిటికీలోంచి, "అంకుల్, నేనే బన్నీ!" అని ఏడుస్తున్నాడు.

"నువ్వు ఎన్నో బన్నీవప్పా?"

ఇంటికి వెనక్కి పరుగెత్తి ఆ పేర్లన్నీ తుడిచేసి గేటు తెరిపించేసరికి అరగంట పట్టింది. మేనేజర్ తిట్టినా ఉద్యోగం మిగిలింది. టూల్ కూడా రెండోదే ఖాయమైంది. ఇంకెప్పుడూ పరీక్షకు పిల్లవాడి పేరు పెట్టను.

మర్నాడు పొద్దున వ్యాను ఎక్కబోతూ వాడు, "అమ్మా, ఇంతకీ నేను ఎన్నో బన్నీని?" అన్నాడు.

"నువ్వొక్కడివే నాన్నా," అన్నాను.