కమాన్ కట్టకు ఇంకో రెండు పట్టీలు

నా భార్య పోయిన పదకొండో రోజున, తిథి నాడు, జీపు వెనక కమాన్ విరిగింది. చింతామణి నుంచి వంటపాత్రలు, కుర్చీలు, బియ్యం మూటలు ట్రాలీలో వేసుకుని తమ్ముడు వస్తుంటే, బట్లహళ్ళి దాటాక ఒక గుంతలో ఠంగుమని చప్పుడు వచ్చిందట. జీపు ఒక పక్కకు ఒరిగి అలాగే ఇల్లు చేరింది. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళారు. అందరూ వెళ్ళాక నేను జీపు కిందికి వంగి చూశాను. వంపు తిరిగిన ఇనుప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన ఆ కమాన్ కట్టలో రెండోది విరిగి ఉంది. విరిగిన చోట ఇనుము తెల్లగా, కొత్తగా కనిపించింది. ఆ రోజు నేను శ్రద్ధగా చూసింది అదొక్కటే.

చాలా ఏళ్ళు చిక్కబళ్ళాపురంలో పత్రికా విలేకరిగా పనిచేశాను. చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకోవడం ఆ పనిలో భాగం. ఫలానా ఆయనకు గొంతు పెగల్లేదని రాసేవాణ్ణి. నాకు గొంతు బాగానే పెగిలింది. ఎవరేమి అడిగినా జవాబు చెప్పాను. తిన్నదాని రుచి మాత్రం తెలియలేదు.

ఆ జీపు పాతది. పని మానేసి ఊరికి వచ్చినప్పుడు కొన్నాను. దానికి రెండు పనులు. తమ్ముడి తోటలో టమాటా కోసినప్పుడు క్రేట్లు నింపిన రెండు చక్రాల ట్రాలీని చింతామణి మార్కెట్టుకు లాగేది. మిగతా రోజుల్లో నా భార్యను చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళేది. ఆమెకు వెన్నులో గడ్డ. ముందు సీటులో కూర్చోలేక, వెనక పొడుగు సీటు మీద దుప్పటి పరుచుకుని ఒక పక్కకు తిరిగి పడుకునేది.

కమాన్ కట్టలు మెత్తబడ్డాయనీ, ట్రాలీ తగిలిస్తే వెనక భాగం కుంగుతోందనీ తమ్ముడు నిరుడే చెప్పాడు. పట్టీలు కలిపితే లోడు ఆగుతుంది. అయితే ఖాళీగా పోయేటప్పుడు ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. బాగేపల్లిలో హైవే పక్కన ఒక మెకానిక్ గాలిబుగ్గల సంగతి చెప్పాడు. కమాన్‌కూ జీపు చట్రానికీ మధ్య రబ్బరు బుగ్గలు పెడతారు. ట్రాలీ ఉన్నప్పుడు గాలి నింపుకోవాలి, లేనప్పుడు తగ్గించుకోవాలి. రెండు పనులకూ సరిపోతుంది. తిరిగి వస్తూ దారిలో నా భార్య వెనక నుంచి అంది:

"నాకొక గాలి, టమాటాలకొక గాలి. నాకు పెట్టేది వాటికి పెట్టి, వాటికి పెట్టేది నాకు పెడతాడు మీ తమ్ముడు."

"మర్చిపోతే నువ్వు ఊరుకుంటావా వదినా? పరగోడు ఊరి దాకా ఇనపడేట్ల అరస్తావు" అన్నాడు తమ్ముడు స్టీరింగు పట్టుకుని.

బుగ్గలు బెంగళూరు నుంచి రావాలన్నారు. చూద్దాం అనుకున్నాము. చూస్తూ ఉండగానే ఆమె పోయింది.

తిథి మరునాడే చింతామణిలో కమాన్ పని చేసే కొట్టుకు వెళ్ళాము. ఆగడానికి లేదు. తోట పండుకొచ్చింది. ఆ వారంలో మార్కెట్టుకు చేరకపోతే కాయ చెట్టు మీదే మెత్తబడిపోతుంది. బాడుగ బండ్లవాళ్ళు మా వంకదారిలోకి, ఆ వాగు రాళ్ళలోకి దిగరు. తమ్ముడికి ఆ జీపే దిక్కు.

కొట్టాయన జీపు కింద దూరి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇరిగింది మారిస్తే చాలదప్పా. ట్రాలీ లాగాలంటే ఇంకో రెండు పట్టీలు కలపాల. వెనక మనుషులు కూర్చుంటారా? కూర్చుంటే ఒక లెక్క, లేకుంటే ఒక లెక్క."

"మా ఇంటామె పడుకుంటాది. నడుము నొప్పి. మెత్తగా ఉండాల" అన్నాను.

తమ్ముడు నా వైపు చూడలేదు. కింద పడి ఉన్న బోల్టును చెప్పుతో అటూ ఇటూ దొర్లించాడు. నేనన్న మాట నాకు వినిపించింది. తప్పని తెలిసింది. దిద్దలేదు. అచ్చయిపోయిన తప్పులా అది అక్కడే ఉండిపోయింది.

"అట్లైతే కలిపేది వద్దులే. లోడు తగ్గించుకోండి" అన్నాడు కొట్టాయన.

"అట్లే చెయ్యప్పా" అన్నాడు తమ్ముడు.

టీ అంగడి దగ్గర అడిగాను, "ఎందుకు చెప్పలేదురా?"

"ఏమని చెప్పేది అన్నా? ఆయప్పకు చెప్తే నీకూ చెప్పినట్లే గదా."

మర్నాడు కోత. తమ్ముడు క్రేట్లన్నీ ట్రాలీ ముందు భాగంలోనే ఎత్తుగా పేర్చాడు. అది ఎద్దులబండి నాటి భయం. బండికి వెనక బరువెక్కువైతే ముందున్న నొగలు పైకి లేచి, కాడి ఎద్దుల మెడలను పట్టి లేపేస్తుంది. అందుకని మా ఇళ్ళలో బరువెప్పుడూ ముందుకే. ఎద్దులు పోయి ఎన్నేళ్ళయినా చేతులకు ఆ పద్ధతి పోలేదు. ఆ బరువంతా ట్రాలీ తగిలించిన జీపు కొక్కెం మీద పడి, జీపు వెనక భాగం కూలబడింది.

నేను వెనక సీటులో కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ అక్కడ కూర్చోలేదు. దుప్పటి ఇంకా అక్కడే మడిచి ఉంది. అక్కడి నుంచి చూస్తే ట్రాలీ ముందుకు వాలి, అడుగు క్రేట్ల నుంచి రసం కారడం కనిపించింది. వంకలో కొక్కెం రాతికి గీసుకుంది.

"ఆపురా. ముందర క్రేట్లు నలిగిపోతాండాయి. కొన్ని వెనక్కి జరుపు."

"వెనక్కేస్తే తోక దిగిపోతాది అన్నా."

"దిగితే ఏమి? మెడ లేచేదానికి ఎద్దులు యాడుండాయి?"

తమ్ముడు జీపు వైపు, ట్రాలీ వైపు చూసి నవ్వేశాడు. "నాయన ఉండింటే ఇద్దరికీ దెబ్బలు పడేటియి" అన్నాడు. వాళ్ళ వదిన పోయిన తరువాత వాడు నవ్వడం అదే మొదటిసారి. నాకు నవ్వు రాలేదు. ఇద్దరం క్రేట్లు జరిపాము. బరువు చాలావరకు చక్రాల మీదికి వచ్చింది. జీపు కొంచెం లేచింది, చాలినంత లేవలేదు. కొన్ని క్రేట్లు గట్టు మీద దించి, మిగతావాటితో మార్కెట్టు చేరాము. అక్కడ నలిగిన క్రేట్లను పక్కన పెట్టించారు. తమ్ముడు వాటిని లెక్కపెట్టాడు.

"రేపు పెద్ద కోత ఉండాది" అన్నాడు. "గాలిబుగ్గలు తెప్పిద్దామా అన్నా? బాగేపల్లాయనకు ఫోన్ చేస్తా. కావాలంటే మెత్తగా పెట్టుకోవచ్చు..."

అక్కడ ఆగిపోయాడు. ఆ మాట నా కోసం అన్నాడు. బుగ్గలు వచ్చేదాకా తోట ఆగదని నాకన్నా వాడికే బాగా తెలుసు. గాలి తగ్గించుకోవలసిన రోజులు ఇక లేవని కూడా తెలుసు. నేను చెప్తే తప్ప వాడు పట్టీలు వేయించడు.

"కొట్టుకు పోదాం పద" అన్నాను.

కొట్టాయన మమ్మల్ని చూసి, "ఏమప్పా, అప్పుడే వచ్చేసినారు?" అన్నాడు.

"ఆ రెండు పట్టీలు కలుపు."

"ఇంటామెకు నడుము నొప్పి అంటివి గదా? ఇవేస్తే ఖాళీ బండి ఎత్తెత్తి కొడతాది. ఆమె తిట్టేది నిన్ను కాదు, నన్ను."

తమ్ముడు ఏదో చెప్పబోయాడు. చెయ్యెత్తి ఆపాను.

"ఆమె చనిపోయింది. వెనక ఎవురూ పడుకోరు" అన్నాను.

మామూలు గొంతుతోనే అన్నాను. ఆయన నన్నూ తమ్ముణ్ణీ చూసి, జాకీ తేవడానికి లోపలికి వెళ్ళాడు.

సాయంత్రం ఖాళీ ట్రాలీతో ఊరికి బయలుదేరాము. వెనక భాగం ఇప్పుడు ఎత్తుగా నిలబడింది. చిన్న గుంతకు కూడా జీపు ఎగిరిపడుతోంది. బట్లహళ్ళి దాటాక గమనించాను, తమ్ముడు ఆమె వెనక పడుకున్నప్పటిలాగే గుంతలు తప్పిస్తూ, దారికి ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పుతూ నెమ్మదిగా నడుపుతున్నాడు.

"నేరుగా పోనీరా" అన్నాను.

కొంత దూరం నేరుగా పోనిచ్చాడు. తరువాత మళ్ళీ తప్పించసాగాడు. నేను రెండోసారి చెప్పలేదు.