సగం బిళ్ళ

నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఆరేళ్ళు. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో, కళ్ళంలో వరి నూర్చుతుంటే ఉన్నపళంగా పడి కొట్టుకున్నానట. ఇనుము తగిలితే తగ్గుతుందని ఎవరో నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టారు. తగ్గింది. తాళాలు పెట్టకపోయినా తగ్గేదే. ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు వచ్చేది. శ్రీకాకుళంలో డాక్టరు సిరప్ రాశాడు. అది ఫిట్లను కొంచెమే ఆపింది, నన్ను మాత్రం రోజంతా నిద్రలో ఉంచింది. నాలుగో ఎక్కం రాత్రి అప్పజెప్పి, పొద్దున్న బడికెళ్ళేసరికి మర్చిపోయేదాన్ని. "నిద్రమొగమా, లే" అనేవారు మాస్టారు. మందు వల్ల అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను మొద్దునేనని నమ్మేశాను.

పన్నెండో ఏట సిరప్ తీసేసి తెల్ల బిళ్ళలు ఇచ్చారు. ఫిట్లు నెలకి రెండుకి తగ్గాయి. కానీ చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పాకాయి, పైపెదవి మీద నూగు ముదిరింది. అద్దం ముందు నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడే అభ్యాసం చేశాను.

బిళ్ళలు పొద్దున్నా రాత్రీ నాన్నే ఇచ్చేవాడు. ఆయన చదివింది ఐదు వరకే. నన్ను టీచర్ని చెయ్యాలని ఆయన ఆశ. పదో తరగతి పరీక్షలకి పది రోజుల ముందు నా అరచేతిలో సగం బిళ్ళ పెట్టాడు. బ్లేడుతో కోసిన అంచు గరుగ్గా ఉంది.

"ఇదేటి నాన్నా, సగమే ఉంది?"

"డాక్టరు తగ్గించమన్నాడే. ఏసీసుకో."

నేను సంతోషించాను. అబద్ధం చెప్పను, చాలా సంతోషించాను. మూడో రోజుకి తలలో పొగమంచు విడిపోయింది. చదివింది చదివినట్టు గుర్తుండేది. నేను మొద్దుని కాదని జీవితంలో మొదటిసారి తెలిసిన రోజులవి.

లెక్కల పరీక్ష నాడు రెండు పేజీలు రాయడం వరకే జ్ఞాపకం. తర్వాత కళ్ళు తెరిస్తే ఆసుపత్రిలో ఉన్నాను, మూడు రోజులు గడిచిపోయాయి. ఒక ఫిట్ నుంచి తేరుకోకుండానే మరొకటి, అలా ఆగకుండా వచ్చాయట. నాలుక తెగి, వాచి, మాట రావడం లేదు. మంచం పక్కన డాక్టరు నాన్నని అడుగుతున్నాడు: "మందు ఆపేశారా?"

"నేదు బాబూ. ఏలకి ఏస్తన్నాను."

నేను నాన్న వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంటికి వస్తుంటే బస్సులో తనే చెప్పాడు. "మగతలో రాయలేవని బయమేసినాదే. పది రోజులే గదా అనుకున్నాను." నేను జవాబివ్వలేదు. నాలుక మానాక కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది చదివిన పాఠాల్లో ఒక్క ముక్కా బుర్రలో మిగల్లేదు. మళ్ళీ పరీక్షకి కూర్చోలేదు. ఆ రోజు నుంచి బిళ్ళల డబ్బా నా దగ్గరే పెట్టుకున్నాను.

ఇరవై రెండో ఏట మేనత్త కొడుకుతో పెళ్ళయింది. విజయనగరంలో బస్సుల డిపోలో మెకానిక్కు. నేను పడిపోవడం చిన్నప్పటి నుంచి చూసినవాడు కనక బావకి భయం లేదు. పడితే ఒక పక్కకి తిప్పి, గడియారం చూస్తూ కూర్చునేవాడు. అక్కడి డాక్టరు చిగుళ్ళ బాధ విని మందు మార్చాడు. ఒళ్ళు వచ్చింది, జుట్టు ఊడింది, ఫిట్లు మాత్రం అరుదైపోయాయి. నాలుగేళ్ళు అదే మందు.

నాలుగో నెల గర్భంతో విశాఖపట్నంలో పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చీటీ చూసి పెన్ను కింద పెట్టేసింది. "పిల్లలు కనే వయసులో ఈ మందు ఇవ్వకూడదమ్మా. బిడ్డ వెన్నుకి, మెదడుకి ముప్పు. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదా?" తర్వాత ఇంకా చాలా చెప్పింది. ఒక్కసారిగా ఆపొద్దంది, మెల్లగా మారుద్దామంది, వారంలో స్కానింగుకి రమ్మంది. నా చెవుల్లో మొదటి మాటే మోగుతోంది.

ఇంటికొచ్చి బిళ్ళలన్నీ కాలవలో పోశాను. "బిళ్ళ ఏసుకున్నావేటి?" అని బావ రోజూ అడిగేవాడు. నేను రోజూ తలూపాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బట్టలుతికే రాతి మీద పడ్డాను. పరీక్షనాటిలాగే, ఒకదాని వెనక ఒకటి. నేను బతికాను. బిడ్డ దక్కలేదు. బిడ్డకి ఏమైనా లోపం ఉందా అని డాక్టరమ్మని అడిగాను. ఆవిడ, "పైకి కనిపించేదేదీ లేదమ్మా" అంది. అడక్కుండా ఉండాల్సింది.

నాన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. చాలాసేపు తువ్వాలు మడతపెడుతూ, విప్పుతూ, చివరికి అన్నాడు: "నాను నీకు సేసిందే నువ్వూ నీ బిడ్డకి సేసుకున్నావు గదే అమ్మా. మంచి జరుగుతాదనే గదా ఇద్దరికీ."

ఓదార్పనుకున్నాడు పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు అబద్ధం సెప్పి సేసావు నాన్నా. నాను ఎవలికీ అబద్ధం సెప్పలేదు."

గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు, చేతిలో కొబ్బరిబొండంతో. నా మాట విన్నాడు. బొండం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లల ఊసు ఎవరూ ఎత్తలేదు.

నాన్న పోయి రెండేళ్ళయింది. క్షమించమని ఆయన అడగలేదు. అడగకుండా ఇచ్చే మనసు నాకు లేకపోయింది.

ఇప్పుడు నాకు నలభై నాలుగు. కిందటేడు నీళ్ళ బకెట్ ఎత్తబోతే మణికట్టు విరిగింది. పాత మందులు ఇన్నేళ్ళూ ఎముకల్ని తినేశాయన్నారు. వాటితోపాటు కాల్షియం వేసుకోవాలని అప్పుడు తెలిసింది. కట్టు విప్పాక వేరే ఫిట్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు, వయసులో చాలా చిన్నపిల్ల. నా పడిపోవడాన్ని బావ ఫోనులో తీస్తే రెండుసార్లు చూసి, కొత్త బిళ్ళ ఒకటి కలిపింది. అంతే, బిడ్డ పోయాక మందు మార్చినప్పటి నుంచి వారానికొకటి వచ్చే ఫిట్లు రెండు నెలలకొకటికి తగ్గాయి. "ఈ మందు ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగాను. "చాలా ఏళ్ళే అయిందండీ" అంది, మామూలుగా. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుండిపోయాను. లేవమని బావ మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఈ కొత్త మందుకీ ఒక గుణముంది. కోపం తెప్పిస్తుంది. మొన్న పులుసులో ఉప్పు చాల్లేదని బావ అన్నందుకు గిన్నె ఎత్తి వంటగట్టుకేసి కొట్టాను. ఆయన గచ్చు మీద పులుసు తుడుస్తూ, "నువ్వు కాదులేయే. అది బిళ్ళ కోపం, డాక్టరమ్మ ముందే సెప్పింది" అన్నాడు.

"మొద్దుతనం సిరప్పుది, మొహం బిళ్ళది అన్నారు. కోపమైనా నాది అవ్వకూడదా బావా?" అని అరిచాను.

ఆయన గుడ్డ పిండుకుని, మళ్ళీ తుడవడంలో పడ్డాడు.