దూరపు పళ్ళెం ముందు

క్వాంటమ్ ఫిజిక్స్‌లోని ఎంటాంగిల్‌మెంట్‌ను ప్రేమతో పోల్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అది రెండు కాంతి కణాల మధ్య ముడి, అంతే. దూరపు ఊళ్ళ మధ్య అది పడాలంటే దారిలో స్టేషన్లు కావాలి. పక్కపక్క స్టేషన్ల మధ్య చిన్న ముడులు వేసి, వాటిని కలుపుకుంటూ పోవాలి. చిక్కేమిటంటే, ముందు పడిన ముడి మిగతావాటి కోసం ఎదురుచూస్తూ వదులైపోతుంది.

రెండు వేల సంవత్సరం దాటాక, విజయవాడలో ఒకే కాలేజీలో పాఠాలు చెబుతూ నేనూ నా స్నేహితురాలూ కలిసి ఎత్తుకున్న ప్రాజెక్టు ఇదే. ముడులన్నీ ఒకేసారి మొదలుపెడితే త్వరగా తెములుతుందనుకున్నాం. కంప్యూటర్‌లో ఎంత నడిపినా ఈ ఊరి నుంచి ఆ ఊరికి పూర్తి ముడి నిలవలేదు.

ఆ రంజాన్‌కి వన్ టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకు అందేలా తెలిసినవాళ్ళ ఇళ్ళకు పళ్ళేలు పంపుతున్నారు. ఆమె పక్కింటివాళ్ళకు వడ్డించబోతే వాళ్ళమ్మ ఆపింది.

"అది ఆఖర్న. ముందు కాలవ అవతలోళ్ళకి పెట్టు. పక్కింటిది ఇప్పుడే పెడితే అజాన్ టైముకి చల్లారిపోదూ?"

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మనం చేస్తున్న తప్పు ఇదేనే," అంది నాతో. పొడవైన లింకులో, అంటే రెండు స్టేషన్లు దూరంగా ఉన్నచోట, ముడి పడటానికి ఎక్కువ సేపు పడుతుంది. దాన్ని ముందు మొదలుపెట్టి, పొట్టివాటిని చివర్లో వెయ్యాలి. మర్నాడు అలా మార్చి నడిపితే ముడి నిలిచింది.

పండగ వెళ్ళాక ఆమెకు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అప్పట్నుంచీ ఒకటే పట్టుదల. ప్రాజెక్టు రివ్యూలో, బయటి నుంచి వచ్చే పరీక్షకుడి ముందు తనే నిలబడి చెప్పాలి. ఆడపిల్లకు ఇంత చదువెందుకన్న చుట్టాలను లెక్కచెయ్యకుండా చదివించిన తండ్రి వచ్చి వినాలి.

"మాట్లాడేది నేను, బోర్డు తుడిచేది నువ్వు," అనేది మంచం మీంచి.

పరీక్షకుడికి వీలుకాక రివ్యూ వాయిదా పడింది. కొత్త తేదీ వచ్చేలోపే ఆమె వెళ్ళిపోయింది. ఆ వాయిదా మీద నాకింకా కోపం చల్లారలేదు.

చివరికి నేనే చెప్పాను. మొండిదాన్ని కదా, ఏడవకుండా చెప్పాను. ఆమె తండ్రి వెనక వరసలో కూర్చున్నారు. పొరుగూరి పరీక్షకుడికి సంగతేమీ తెలియదు.

"పొడవైనది ముందు మొదలుపెట్టాలన్న ఆలోచన ఎవరిదమ్మా?"

"మా ఫ్రెండ్‌దండీ."

"చాలా బాగుంది. ఆవిణ్ణి కూడా పిలవండి, ఒక ప్రశ్న అడగాలి."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అమ్మాయి లేదు సార్," అన్నారు ఆమె తండ్రి, లేచి నిలబడి. "నేను వాళ్ళ నాన్నని. నాకు జవాబు తెలవదు. ఆ ప్రశ్నేదో నన్నడగండి, వింటాను."