గుమ్మానికి ఆనించిన కర్ర

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. మా ఇంట్లో ఈ మాట మీద ఎవరూ వాదించరు. అందుకే, కరోనా మొదలైన రెండో ఏడు, హోళీకి కొంచెం ముందు, మనవరాలు సరితను తీసుకురావడానికి సూరత్ నుంచి డాంగ్ కొండలకు బయలుదేరాను.

సరిత పుట్టి పెరిగింది సూరత్‌లో, తెలుగు నేతవాళ్ళుండే లింబాయత్‌లో మా గదిలోనే. ఊరి శివారు సచిన్‌లో బట్టల మిల్లులో పనిచేస్తూ, అక్కడే పనిచేసే దినేశ్ అనే డాంగీ అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. మొదటి లాక్‌డౌన్‌లో మిల్లు మూసేస్తే ఇద్దరూ అతని ఊరికి పోయారు. మిల్లు తెరిచినా తిరిగి రాలేదు. ఇప్పుడు దానికి ఏడో నెల. దాని తల్లి, అంటే నా బిడ్డ, ఉధ్నాలో బాబిన్లు చుడుతుంది. సెలవడిగితే పని పోతుంది. ఇక మిగిలింది నేను, నా మోకాళ్ళు.

పొద్దున ఆరున్నరకల్లా బస్ డిపోలో ఉన్నాను. బిలిమోరా నుంచి వఘై దాకా ఒక చిన్న రైలు ఉండేది, బస్సుకంటే చాలా చవక. కరోనాలో అది ఆగిపోయింది. కాబట్టి వెళ్ళేవాళ్ళు సర్కారు బస్సే ఎక్కాలి. నా దగ్గర రెండు సంచులు. ఒకదాంట్లో జొన్నరొట్టెలు, ఉల్లికారం. డిపోలో టిఫిన్ తినడం నాకు అలవాటు లేదు, ఇష్టమూ లేదు. రెండో దాంట్లో పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత. వచ్చేటప్పుడు బస్సు కుదుపులకు పిల్ల కింద వేద్దామని.

ఒక సీటు విడిచి ఒక సీటు కూర్చోవాలని కండక్టరు చెప్పాడు. సచిన్ దాకా ఆ మాట నిలిచింది. సచిన్‌లో మిల్లు పనివాళ్ళు మూటలతో ఎక్కగానే సీట్ల మీద గీసిన గుర్తులన్నీ మనుషుల కింద పడిపోయాయి. నా పక్కన కూర్చున్న డాంగీ ఆవిడ హిందీలో అడిగింది.

“సాపుతారా కొండ చూడడానికా, మాసీ?”

“చూడడానికి నాకేం పని. మనవరాలిని తెచ్చుకోవడానికి.”

“అందరూ ఇక్కడి నుంచి పోతుంటే మీరు ఇక్కడికి తెస్తున్నారా?” అని నవ్వింది. నాకు ఆ నవ్వు నచ్చలేదు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

నవ్‌సారీ దాటి వాంస్దా వచ్చేసరికి ఎండ ముదిరింది. అక్కడి నుంచి కొండదారి. మలుపులు మొదలవగానే ఆ నవ్విన ఆవిడే నా బొంత సంచిలో కక్కుకుంది. కరోనా అని చుట్టూ ఉన్నవాళ్ళు లేచి దూరం జరిగారు. “కడుపుల తిప్పితే కరోనా గాదు, కూసోండ్రి” అని తెలుగులోనే కసిరాను. అర్థమయిందో లేదో, కూర్చున్నారు. ఆవిడకు నా సీసాలో నీళ్ళు పోశాను. బొంత మాత్రం పాడైంది.

పదకొండున్నరకు వఘైలో దిగాను. అక్కడి నుంచి ఊరి మలుపు దాకా జీపు. నిండితే గాని కదలదు. నిండడానికి మూడైంది. మలుపు దగ్గర దినేశ్ నిలబడి ఉన్నాడు. నా సంచులు తీసుకుని ముందు నడిచాడు. ఎక్కడం గంటకు పైనే. నేను రెండుసార్లు కూర్చున్నాను. అతను ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

వెదురు తడికలకు మట్టి మెత్తిన ఇల్లు. అతని తల్లి జమ్నాబెన్ రాగిరొట్టె, మినప్పప్పు పెట్టింది. సరిత ఒళ్ళు చేసింది, రంగు తగ్గింది. భోజనాలయ్యాక విషయం తీశాను.

“ఎల్లుండి బస్సుకు పోదాం. బట్టలు సర్దుకో.”

“అమ్మమ్మా, నాకు ఇక్కడ బాగనే ఉంది. నర్సు వస్తది. ఆహ్వా టౌన్ల దవాఖాన ఉంది. సూరత్‌ల బెడ్లు దొరుకుతున్నయా, నువ్వే చెప్పు.”

“నీళ్ళో? ఎండకాలం కొండ మీద నీళ్ళెక్కడియే? పచ్చి బాలింతవు బిందెలు మోస్తవా?”

“ఝరా ఉంది గదా, ఊట. వైశాఖంల గూడ ఎండదు.”

“ఝరా గిరా నాకు తెల్వది. ఎల్లుండి పోతున్నం.”

జమ్నాబెన్‌కు తెలుగు రాదు గాని, మా మొహాలు చూసి పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

మరునాడు ఇంట్లో ఎవరూ లేవకముందే లేచాను. బొంత ఉతికితే గాని నాకు తోచదు. కుండలో నీళ్ళు సగమే వాడి, పిండి, ఆరేయడానికి చూశాను. తాడు లేదు. గుమ్మం పక్కన గోడకు ఒక కర్ర ఆనించి ఉంది. వంకర లేదు, ముల్లు లేదు, చేతులు తగిలి తగిలి నున్నగా నల్లబడింది. మాది నేతపని చేసే కులం. లడీలు, అంటే తడి నూలు కట్టలు, ఆరేయడానికి మా పెద్దలు ఇలాంటి కర్ర కోసం అంగడంతా తిరిగేవారు. నున్నటి కర్ర కనబడితే దాన్ని తడిదాంట్లో దూర్చకుండా మా చేతులు ఊరుకోవు. బొంత మడతలో దూర్చి, ఇంటి వెనక రెండు పంగల గుంజల మీద పెట్టాను. బొంత బరువుకు కూడా కర్ర వంగలేదు. మంచి కర్ర అనుకున్నాను.

దినేశ్ ఏదో పని మీద వఘై పోయాడు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఎవరో పళ్ళెం మీద గరిటెతో గట్టిగా కొట్టారు. తర్వాత ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. బయటికి వస్తే ఎదుటి వాలు మీద పొగ. ఊరు ఊరంతా పచ్చికొమ్మలు విరుచుకుని పైకి పరుగెత్తింది. సరిత కొంగు బిగించింది. నేను దాని జబ్బ పట్టుకున్నాను.

“ఏందే, ఏడోనెల పెట్టుకుని మంటలకు ఉరుకుతవా?”

“మా వాలు అమ్మమ్మా, ఝరా మీది వాలు అది.”

“నువ్వు కూసో. నేను పోత.”

పోయానే గాని నేను ఆర్పింది లేదు. ఊట దగ్గర బిందెలు నింపి సగం దూరం అందించాను. రాతి సందులోంచి సన్నటి ధార, బిందె నిండేదాకా నిలబడాలి. పైన ఆకులు చిటపటమంటున్నాయి. జమ్నాబెన్ కనుబొమ్మలు కాలిపోయి కిందికి వచ్చింది, నీళ్ళు తాగి మళ్ళీ పోయింది. పొద్దు వాలేసరికి మంట ఆగింది. వాలులో ఒక ముక్క నల్లగా మిగిలింది. రాలిన ఇప్పపూలు కనబడాలని ఎవరో చెట్టు కింద ఆకులు తగలబెట్టి ఉంటారన్నారు. ఎవరన్నది తేలలేదు.

చీకటి పడకముందే అందరూ మా వాకిట్లో చేరారు. ఊరి అడవి మండలికి పెద్ద కాశీబాయి అనే ముసలావిడ. ఆమె ఒకటే ప్రశ్న అడిగింది. ఇవాళ కర్ర ఎవరి దగ్గర ఉంది?

సరిత నాకు తెలుగులో చెప్పింది. ఒక ఎండకాలం ఝరా పూర్తిగా ఎండిపోయిందట. ఆడవాళ్ళు లోయ దాకా దిగి నీళ్ళు మోశారట. అప్పటి నుంచి ఊరు ఆ వాలును మూసింది. గొడ్డలి పోదు, మేక పోదు, నిప్పు పోదు. అడవి మీద ఊరికి హక్కుందని సర్కారు కాగితం ఆ తర్వాతెప్పుడో వచ్చింది. కాపలాకు జీతగాడు లేడు. ఒక కర్ర ఉంది. పొద్దుమూకి ఎవరి గుమ్మానికి అది ఆనించి ఉంటే, మరునాడు ఆ ఇంటివాళ్ళు వాలంతా తిరిగి రావాలి. వచ్చాక పక్కింటి గుమ్మానికి ఆనించాలి. కర్ర కనబడకపోతే మీ వంతు రానట్టే.

పక్కింటి మోతీరామ్ అన్నాడు, “నిన్న పొద్దుమూకి జమ్నా గుమ్మానికే పెట్టాను.”

“రాలేదు. పొద్దున చూశాను, లేదు” అంది జమ్నాబెన్.

“అయితే కాళ్ళొచ్చి నడిచిపోయిందా?”

“నీ కాళ్ళే బద్ధకించాయేమో, నిన్న కొండెక్కావా అసలు?”

గొంతులు లేచాయి. సరిత నా చెవిలో మాట మాటా తెలుగులో చెబుతోంది గాని, తగువు ఏ భాషలోనైనా తెలుస్తుంది. ఏళ్ళ తరబడి ఒకరి గుమ్మానికి ఒకరు కర్ర పెట్టుకున్నవాళ్ళు, నీవు దొంగవంటే నీవు దొంగవని నిలబడ్డారు. నేను లేచి ఇంటి వెనక్కి పోయి, బొంత లాగి కింద పడేసి, కర్ర తెచ్చి కాశీబాయి ముందు పెట్టాను.

“బొంత ఆరేసిన. నాకు తెల్వది” అన్నాను. సరిత దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది.

మోతీరామ్ కర్ర చేత్తో తడిమి, “ఇంకా తడిగా ఉంది. సూరత్ అమ్మమ్మ దీనికి స్నానం కూడా చేయించింది” అన్నాడు. కొందరు నవ్వారు. కాశీబాయి నవ్వలేదు. వంతు తప్పిన ఇల్లు వారం రోజులు వరసగా తిరగాలి, అది కట్టుబాటు అంది. ఆ ఇంట్లో ఉన్నది ఎవరు? కాలిన మొహంతో జమ్నాబెన్, గర్భిణి, రేపు పనికి పోవలసిన దినేశ్.

“నేను తిరుగుత” అన్నాను. ఎల్లుండికి అనుకున్న బస్సు అలా పోయింది.

వారమంతా జమ్నాబెన్ ముందు, నేను కర్ర పట్టుకుని వెనక. మాట్లాడడానికి ఇద్దరికీ ఉన్నది వచ్చీరాని హిందీ. మూసిన వాలులో టేకు, వెదురు, తునికి, కరక్కాయ చెట్లు. ఇప్పచెట్ల కింద నేల చీపురుతో ఊడ్చి ఉంది. ఇక్కడ పూల కోసం ఆకులు కాల్చకూడదు, ఊడ్చాలి. కరీంనగర్ దిక్కు మా చిన్నప్పుడు బీడీ ఆకు లేతగా వస్తుందని పొదలు కాల్చేవారు. ఆ ఆకుతోనే నేను బీడీలు చుట్టాను. కాలిస్తే ఏం పోతుందో అప్పుడు ఎవరూ చూడలేదు.

ఇక్కడ చూశాను. కాలిన ముక్కలో, బూడిదలో, అడవికోడి గుడ్లు. గూడు నేల మీదే పెడుతుందట. జమ్నాబెన్ కాసేపు వాటిని చూసి, నా వైపు చూడకుండా నడిచింది. తిడితే బాగుండేది.

ఊట దగ్గర బురదలో చిరుత అడుగు చూపించింది. “ఆయన కూడా నీళ్ళకే వస్తాడు” అంది. పక్క కొండ వేరే ఊరిది, కాపలా లేదు, మట్టి ఎర్రగా గీతలు గీతలుగా జారిపోయి ఉంది. “వాన ముందు నెలల తరబడి కొంచెం కొంచెం పడేది. ఇప్పుడు నాలుగు రోజులు బాదుతుంది, మళ్ళీ మొహం చూపదు. చెట్టు ఉంటే ఆ నాలుగు రోజుల నీళ్ళు పట్టుకుంటుంది. లేకపోతే పోతాయి.”

“కాలింది గదా, మరి ఝరా ఎండిపోతుందా?” అని అడిగాను.

“ఈ ఏడు ఎండదు. వచ్చే ఏడు సంగతి వానలో తెలుస్తుంది.”

ఫోనుకు సిగ్నలు అక్కడ ఒక బండ మీదే. ఒకరోజు బండ ఎక్కగానే నా బిడ్డ ఫోను. “అమ్మా, మన గల్లీల ఇంటింటికి దగ్గే. సిటీ బస్సులు బంద్ చేసిండ్రు. కారఖానా మళ్ళ మూస్తరంటున్నరు. పిల్లను ఏం జేస్తవో నువ్వే సూడు.” సరే అని పెట్టేశాను. ఊట దగ్గర బిందె పెట్టి, నిండేదాకా ఆ ధారను చూస్తూ కూర్చున్నాను. మా లింబాయత్ కుళాయి అంత కూడా లేదు. కానీ అది ఎవరి మీదా అలిగి ఆగలేదు.

వారం ముగిసిన సాయంత్రం కర్రను మా అవతలి ఇంటి గుమ్మానికి నేనే ఆనించాను. ఇంటికి వస్తే సరిత సంచి సర్దుకుని, చెప్పులు పక్కన పెట్టుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎంత వాదించినా నా మాట దాటడం దానికి నేను నేర్పలేదు.

“సంచి విప్పు” అన్నాను.

“ఏంది అమ్మమ్మా?”

“విప్పమన్న గదనే. ఆ బొంత గూడ లోపల పెట్టు. పిల్లకు పనికొస్తది. మీ తల్లికి నేను చెప్పుకుంట.”

“కాన్పుకు నువ్వొస్తవా మరి?”

“రాక సస్తనా. పిల్ల పుట్టింటికి రానప్పుడు పుట్టింటినే గీడికి మోసుకరావాలె.”

తెల్లారి జీపు త్వరగానే నిండింది. వఘై నుంచి సూరత్ బస్సు మాత్రం సగం ఖాళీ. ఒక్క టికెట్టే తీసుకున్నాను. కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదు. ఎదురొచ్చే ప్రతి బస్సూ కిటికీల దాకా మనుషులే. కండక్టరు “అందరూ పైకి, మీరొక్కరే కిందికి” అన్నాడు. మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చున్నాను. ఆ దిక్కు పోయేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. సొంత రొట్టె తీసుకుపోండి, జీపు కోసం సగం పూట వదులుకోండి, గుమ్మానికి ఆనించిన కర్ర ముట్టకండి.

సూరత్ డిపోలో నేను దిగకముందే జనం ఎక్కుతున్నారు. మూటలు, బకెట్లు, చుట్టిన పరుపులు. చంకలో బిడ్డతో ఒకావిడ నా సీట్లో సంచి విసిరి, నేనెక్కడి నుంచి వస్తున్నానో అడిగింది. ఊరి పేరు చెప్పాను.

“అటు కొండ మీద అడవి తగలబడిందంట కదా?” అంది భయంగా.

“తగలబడింది. మేం ఆర్పేశాం” అని చెప్పి, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను.