చల్లదనం ఎంతసేపు నిలుస్తుంది

వీరబాబు పెళ్లాం మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. టేకులపల్లిలో ఆయనకు మంచివాడని పేరు రావడానికి ఆ ఒక్కటి చాలింది. తాగడు, పేకాడడు, బజారులో ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు. పత్తి విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణం నడుపుకుంటాడు. ఎండాకాలం బేరాలు ఉండవు గనుక మధ్యాహ్నానికే షట్టరు దించి ఇంటికొస్తాడు. యశోద అదృష్టవంతురాలని ఇరుగుపొరుగు ఆడవాళ్లు అనేవాళ్లు. యశోద కాదనేది కాదు. తనకు జరుగుతున్నదాన్ని ఏమని పిలవాలో ఆమెకే తెలియదు మరి.

చెప్పినా వినేవాళ్లకు నవ్వు వస్తుంది. పాలు విరిగాయేమోనని అనుమానం వస్తే, "ముందు నువ్వు తాగి సూడు" అంటాడు వీరబాబు. పెరట్లో మోటారు షాకు కొడుతోందంటే, తాను చెప్పులేసుకుని దూరంగా నిలబడి, "ఏయ్, గా పైపు ముట్టు" అంటాడు. ఆమె ముట్టుకుంటుంది. చెయ్యి జివ్వుమని వెనక్కి వస్తే, "అవ్, కొడుతున్నది" అని తలూపి మెకానిక్కుకు ఫోన్ చేస్తాడు. కొత్తలో యశోద దాన్ని నమ్మకం అనుకుంది. జూలూరుపాడు మిరపచేలల్లో పెరిగిన పిల్ల. తన మాట మీద ఒక మగమనిషి ఆధారపడుతున్నాడంటే గౌరవమే అనుకుంది. ఏళ్లు గడిచాక ఆ అనుకోవడం పోయింది గాని, ముట్టమంటే ముట్టడం పోలేదు. పిల్లలు పుట్టలేదు. దానికీ పరీక్షలన్నీ ఆమెకే జరిగాయి. ఖమ్మంలో డాక్టరమ్మ "ఆయన కూడా చేయించుకోవాలమ్మా" అంటే, వీరబాబు మందుల సంచీ చేత పట్టుకుని లేచి, "నాకేంది, నేను మంచిగనే ఉన్న" అంటూ బయటికి నడిచాడు.

అంబాసిడర్ ఆ ఇంటికి వచ్చింది ఒక దసరా వెళ్లాక. ఖమ్మంలో రిటైరైన ఇంజనీరు ఒకాయన పోతే, కొడుకులు అమ్మేసిన తెల్లకారు. చిన్నప్పటి నుంచీ వీరబాబుకు ఆ కారంటే పిచ్చి. దానికోసం ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించాడు. వంటింటికి ఒక కిటికీ పెట్టించమని యశోద అడిగి అడిగి విసిగి మానేసింది. షెడ్డుకు మాత్రం రెండు వైపులా కిటికీలు పెట్టారు.

కారులో అన్నీ బాగున్నాయి, ఏసీ తప్ప. ఇంజనీరుగారు ఎప్పుడో డాష్‌బోర్డు కింద బిగించుకున్న పాత పెట్టె అది. గాలి తక్కువ, మోత ఎక్కువ. ముందు కూర్చున్నవాళ్ల మోకాళ్లకు తప్ప ఎక్కడా చల్లగా తగలదు. "దీన్ల భద్రాచలం పోతే ఉడకబెట్టిన గుడ్డు లెక్క దిగుతం" అన్నాడు వీరబాబు. ఎండలు ముదరగానే దాన్ని పీకి కొత్తది పెట్టే పని నెత్తికెత్తుకున్నాడు. గ్యారేజీకి ఇస్తే కారు పాడుచేస్తారని భయం. ఫోన్లో వీడియోలు చూసుకుంటూ, ఇంట్లోనే, తన చేతులతోనే చేస్తానన్నాడు.

చేతులు సగం యశోదవి. "నీ చెయ్యి సన్నం, పోతది" అని ఆమెను డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోబెట్టేవాడు. దుమ్ము కళ్లలో రాలుతుంటే ఆమె బోల్టులు విప్పేది. పాత పైపు విప్పేనాడు ఆయన కారుకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"లోపట గ్యాసున్నదో లేదో తెల్వదు. నువ్వు నట్టు వదులు చెయ్యి, మెల్లగ."

ఆమె తిప్పింది. బుస్సుమని తెల్లటి పొగలాంటిది మణికట్టు మీద కొట్టింది. నిప్పు అంటుకున్నట్టే అనిపించింది గాని అది మంచుకంటే చల్లనిది. చర్మం అక్కడికక్కడే తెల్లబడి, సాయంత్రానికి బొబ్బ లేచింది.

"ఉన్నది గ్యాసు" అన్నాడు వీరబాబు. "ఇన్నేండ్లు ఉన్నదంటే పైపులు గట్టియే."

చిన్న కారు నుంచి తీసిన కంప్రెసర్‌ను ఖమ్మం పాత సామాన్ల దుకాణంలో కొన్నాడు. రేడియేటర్ ముందు కొత్త జాలీ, డాష్‌బోర్డు కింద కొత్త పెట్టె, వెనక సీటుకు కూడా గాలి వచ్చేలా గొట్టాలు బిగించాడు. తలుపుల లోపలి అట్టలు ఊడదీసి, వేడి రాకుండా వెండిరంగు రేకు అంటించాడు. ఆ పనిలో అద్దాలు దించే హ్యాండిళ్లు, తలుపులు తీసే హ్యాండిళ్లు అన్నీ విప్పి రంగు వేయడానికి పంపించాడు. ఒక్కటి మాత్రం జేబులో పెట్టుకున్నాడు. అద్దం దించాల్సినా, తలుపు తీయాల్సినా దాన్నే తొడిగి తిప్పేవాడు. చివరికి ఖమ్మం నుంచి ఒకతను వచ్చి గ్యాసు నింపి, రేడియేటర్ పాతదైపోయిందని, ఏసీ బరువుకు ఇంజన్ వేడెక్కుతుందని చెప్పి వెళ్లాడు. వీరబాబు వినిపించుకోలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కారును షెడ్డులోంచి తీసి వాకిట్లో నడి ఎండలో పెట్టాడు.

"నీడల సల్లగుంటే గొప్పేంది? ఎండలనే తెలుస్తది అసలు సంగతి. ఏయ్, రా, ఎన్క కూసో."

యశోద అన్నం వార్చి వస్తోంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక సీట్లో కూర్చుంది. ఆయన ముందు కూర్చుని ఇంజన్ వేసి ఏసీ మీట తిప్పాడు. కాసేపటికి ఆమె మొహానికి చల్లటి గాలి తగిలింది.

నిజం చెప్పాలంటే ఆమెకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేం. ఆ వేసవిలో రోజూ పొయ్యి దగ్గర ఉడికిన మనిషి. కళ్లు మూసుకుంది. ఈ కారులో అడవి దారంట భద్రాచలం వెళ్తున్నట్టు, కిన్నెరసాని వాగు దాటుతున్నట్టు, తానిలా వెనక్కి వాలి నిద్రపోతున్నట్టు అనుకుంది. మణికట్టు మంట కూడా మరిచిపోయింది.

"ఎట్లుంది?"

"సల్లగున్నదయ్యా. మస్తుగున్నది."

వీరబాబు మొహం వెలిగింది. పెళ్లాం మెచ్చుకున్నందుకు కాదు, పనయినందుకు. అంతలోనే బానెట్ సందులోంచి ఆవిరి లేచింది. ఇంజన్ వేడెక్కింది. ఆయన తిట్టుకుంటూ తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపాడు. దిగి చూసొచ్చాడు. రబ్బరు పైపు ఒకటి పగిలింది. కిందికి కారుతున్న నీళ్లను చూస్తూ కాసేపు నిలబడి, తలుపు దగ్గరికి వచ్చి వంగాడు.

"సరే, ఇదీ మంచిదే అయింది. ఇంజన్ బంద్ అయినంక సల్లదనం ఎంతసేపు నిలుస్తదో సూడాలె. రేకు అంటిచ్చింది గందుకే. నువ్వు దిగకు."

"ఎంతసేపు?"

"బజారుకు పోయి పైపు పట్టుకొస్త. తలుపు తీసినవంటే సల్లదనమంతా పోతది, మల్ల మొదటికొస్తది."

తలుపు వేసి, పిల్లలెవరూ ముట్టకుండా తాళం కూడా వేశాడు. మోటార్‌సైకిల్ స్టార్టయిన చప్పుడు, తర్వాత అది వీధి మలుపు తిరిగిన చప్పుడు వినిపించాయి.

మొదట చల్లగానే ఉంది. తర్వాత చల్లగా లేదు, అంతే. ఆ తర్వాత ఎండ పైకప్పులోంచి దిగడం మొదలుపెట్టింది. బయటి వేడి రాకుండా అంటించిన రేకు లోపలి వేడిని బయటికి పోనివ్వలేదు. సీటు రెగ్జిను వీపుకు అతుక్కుంది. యశోద తలుపు తడిమింది. హ్యాండిలు ఉండాల్సిన చోట ఇనుప ములుకు మాత్రం ఉంది. వేళ్లతో తిప్పబోతే గోరు విరిగింది. ముందు సీట్లోకి పాకి అక్కడా చూసింది. హారన్ నొక్కితే మోగలేదు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది; ఆమె ఫోన్ వంటింట్లోనే ఉండిపోయింది. అద్దం మీద అరచేత్తో కొట్టి కేకలేసింది. ఆ వేళప్పుడు వీధిలో కుక్క కూడా ఉండదు. అందరూ తలుపులు బిగించుకుని కూలర్ల ముందు పడుకున్నారు.

సీటు కింద చేతికి జాకీ రాడ్డు తగిలింది. తీసి ఎత్తింది. వెనక తలుపు అద్దానికి గురిపెట్టింది. అప్పుడు ఆయన మాటలు చెవిలో మోగాయి. అసలు కంపెనీ అద్దాలు, ఎక్కడా దొరకవు, ఒక్క గీత లేదు, తాకితే కూడా మరక పడుతుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఒకసారి తట్టింది, మెల్లగా, తలుపు తట్టినట్టు. అద్దానికి ఏమీ కాలేదు. ఆమె రాడ్డును పక్కన పెట్టేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇప్పుడే వస్తాడు, వచ్చేస్తుంటాడు అనుకుంటూ కూర్చుంది. చెమట ఆగిపోయింది. నాలుక చెక్కముక్కలా అయింది. ఆ తర్వాత ఆమె ఏమీ అనుకోలేదు.

కమ్లి దగ్గర్లోని తండా మనిషి. అది బీడీలకు తునికాకు కోసే కాలం. పొద్దున్నే అడవికి పోయి, మూటతో ఆకు కొనే కళ్లం వైపు వెళ్తూ, దాహానికి నీళ్లడుగుదామని వాకిట్లోకి వచ్చింది. యశోద ఎప్పుడూ లేదనదు. కారు అద్దానికి ఆనిన తలను చూసి నిద్రపోతోందేమో అనుకుంది. "అక్కా" అని పిలిచింది. ఆ మొహం రంగు చూసి మూట కింద పడేసింది. తలుపు లాగితే రాలేదు. రెండో తలుపూ రాలేదు. కమ్లి ఇంకేమీ ఆలోచించలేదు. తొట్టి పక్కనున్న బట్టలుతికే రాయి ముక్క తీసి అవతలి వెనక తలుపు అద్దాన్ని పగలగొట్టింది. గాజు చేతుల్లో గుచ్చుకుంటుంటే యశోదను సందులోంచి బయటికి ఈడ్చి, షెడ్డు నీడలో పడుకోబెట్టి, బిందెడు నీళ్లు మీద పోసింది.

వీరబాబు వచ్చేసరికి యశోదకు కళ్లు కాస్త తెరుచుకున్నాయి. ఆయనకు బజారులో పాతకార్ల పిచ్చి ఉన్న ఇంకొకాయన కలిశాడు. మాటల్లో పడి, ఆయనింట్లోనే అన్నం తిన్నాడు. బండి దిగుతూనే వీరబాబు చూసింది అద్దం.

"ఎవలు పలగ్గొట్టిన్రు?"

"నేనే" అంది కమ్లి. ఆమె మోచేతుల నుంచి నెత్తురు కారుతోంది. "లోపట అక్క సస్తున్నది."

"తలుపు తీయరాదా?"

"తాళమేసి పోయినవ్ గద!"

"నాకు ఫోన్ చేస్తే వస్తుంటి గదా. గీ అద్దం ఇప్పుడు యాడ దొరుకుద్ది?" గాజు ముక్క ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూశాడు. గొంతు పెంచలేదు. తర్వాత నీడలోకి వచ్చి, పెళ్లాం పక్కన గొంతుక్కూర్చుని, నెమ్మదిగా అడిగాడు.

"ఎంతసేపు సల్లగుండె?"

యశోదకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. జవాబు చెప్పాలని పెదాలు కూడా కదిపింది. అలవాటు మరి.

కమ్లి తండా నుంచి ఆటో పిలిపించి దవాఖానాకు తీసుకెళ్లింది. ఎండదెబ్బకు మూత్రపిండాలు చెడ్డాయన్నారు. బతికింది గాని, చాలా రోజులు పడుకునే ఉంది. ఆ రోజుల్లో వీరబాబు తన దుకాణంలో కూర్చుని తన తీరులో, మెత్తగా, కథ చెప్పాడు: ఆడమనిషి ఏసీలో సుఖంగా నిద్రపోతోందట, కమ్లి కారులోని ఫోన్ దొంగిలించబోయి అద్దం పగలగొట్టిందట, చల్లదనమంతా పోయాకే ఎండదెబ్బ తగిలిందట. ఊరు నమ్మింది. కమ్లిని కళ్లం దగ్గర మిగతా ఆడవాళ్లు దూరం పెట్టారు. యశోద ఇంటికి వచ్చాక ఆ మాట విన్నది. విని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నోరు విప్పే ఓపిక లేదని తనకు తాను చెప్పుకుంది.

లేచి నడవగలిగిన నాడు వైరాలో ఉన్న చెల్లెలు వనజ ఇంటికి వెళ్లిపోయింది.

"కొట్టిండా?" అడిగింది వనజ.

"లేదు."

"తాగిండా? ఇంకెవతైనా ఉన్నదా?"

"లేదు."

"మరేందక్కా నీ బాధ?"

యశోద చెప్పింది. వనజ అంతా విని, "మర్చిపోయిండు పాపం. కావాలని చేస్తడా?" అంది.

చలికాలం మొదట్లో వీరబాబు వచ్చాడు. కొత్త రేడియేటర్, కొత్త అద్దం, కొత్త సీట్లు. వీధిలో కారు ఆపి, దిగకుండా హారన్ కొట్టాడు. యశోద రిజర్వాయర్ గట్టు దగ్గర చేపలు శుభ్రం చేసే పనికి కుదిరి ఉంది. అప్పుడే పొలుసు చేతులతో ఇంటికొచ్చింది. ఆయన అద్దం కొంచెం దించాడు.

"ఎన్క కూడా మంచిగ వస్తున్నది ఇప్పుడు. చేతులు కడుక్కొని ఎక్కు, సీట్లు కొత్తయి."

"నేను రాను" అంది యశోద.

ఎందుకని ఆయన అడగలేదు. వనజ వైపు చూసి నవ్వి, "మీరన్న రాండ్రి, ఒక చక్కర్ కొట్టొద్దాం" అన్నాడు. వనజ, ఆమె మొగుడు, పిల్లలు సంబరంగా ఎక్కారు. అద్దాలు మూసుకున్నాయి. రిజర్వాయర్ దాకా వెళ్లి వచ్చి దిగుతూ వనజ, "అక్కా, స్వెటర్ వేసుకోవాలె లోపట! అంత సల్లగున్నది" అంది.

ఆ వారంలోనే యశోద చేపల సంతకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుంది. తర్వాత ఒక ఆదివారం బస్సెక్కి టేకులపల్లి వెళ్లి, నిండు బజారులో వీరబాబు దుకాణం ముందు నిలబడి, కమ్లి దొంగ కాదని, తనను తాళం వేసి వదిలేసింది మొగుడేనని గట్టిగా చెప్పింది. పదిమంది మూగారు. వీరబాబు కుర్చీ తెప్పించి, నీళ్లు తెప్పించి, "ఎండదెబ్బ తగిలినకాడ్నించి తలకాయ గిట్లనే ఉంటున్నది" అన్నాడు జాలిగా. మూగినవాళ్లు ఆయన కోసం నిట్టూర్చారు.

అక్కడి నుంచి తండాకు వెళ్లింది. కమ్లి చీపుళ్లు కడుతోంది, తల ఎత్తలేదు. మోచేతుల మీద గాట్లు తెల్లగా కనబడుతున్నాయి.

"బజార్ల చెప్పొచ్చిన కమ్లీ. నువ్వు దొంగవు కాదని చెప్పిన."

"అప్పుడు చెప్పాలె అక్కా" అంది కమ్లి. "నీకు సోయొచ్చిన నాడు చెప్పాలె. ఇప్పుడు చెప్తే ఏమొస్తది? పో."

యశోద వెనక్కి తిరిగి బస్సు ఆగే చోటికి నడిచింది.

ఇప్పుడూ వైరాలోనే ఉంది. ఉదయం నుంచి ఎండ నెత్తికెక్కేదాకా గట్టు మీద కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తుంది. మూత్రపిండాల నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. గది తలుపు ఎప్పుడూ మూయదు. ఏసీ కారున్న మొగుణ్ని వదులుకుని వచ్చి చేపలు కోస్తోందని సంతలో అందరికీ తెలుసు. ఆమెకు ఏసీ యశోద అని పేరు పెట్టారు. బేరగాళ్లు కూడా అదే పేరుతో పిలుస్తారు. "ఏసీ అక్కా, గీ బొచ్చె జల్దీ కొట్టియ్యి" అంటారు. ఆమె తలెత్తకుండా చెయ్యి చాచి చేపను అందుకుంటుంది.