ఎడంచెయ్యీ, ఇనప బీరువా

ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదివే ఆ రోజుల్లో, ఎదుటి మనిషిని ఏదో ఒక సిద్ధాంతంలో ఇరికిస్తే తప్ప మావాళ్ళకి మెస్సు అన్నం అరిగేది కాదు. నా ఖర్మకి నాది ఎడంచేతి వాటం. మా పీజీలో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు గుంటూరు అన్న (ఏటా ప్రిలిమ్స్ తప్పిన అనుభవంతో మిగతావాళ్ళకి సలహాలిచ్చేవాడు). ఆయన నేను రాస్తుంటే చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "ఎడంచేతి వాళ్ళకి లెక్కలూ ఆకారాలూ బుర్రలో వాటంతటవే తిరుగుతాయిరా! రేపట్నుంచి మన గ్రూపులో రీజనింగ్ నువ్వే చెప్పాలి." చేరిన నాటి నుంచీ ఆ గ్రూపులో చోటు కోసం కాచుకుని ఉన్నవాణ్ణి. ఇచ్చాడు, కానీ చేతిని చూసి ఇచ్చాడు, నన్ను చూసి కాదు. నిద్ర మానుకుని నేర్చుకెళ్ళి చెబితే, "చూశారా, ఎడంచెయ్యి!" అనేవాడు.

ఒక ఆదివారం అన్న ఇనప బీరువా కొన్నాడు. మా మెట్లు ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సిందే. "ఎటు తిప్పాలో మా లెఫ్టీ చెబుతాడు" అన్నాడు. అందరూ నావైపే చూస్తుంటే తెలియదని ఎలా అంటాను? "పడుకోబెట్టి ఎడమకి తిప్పండి" అన్నాను, గట్టిగా. తిప్పారు. మలుపులో బీరువా బిరడాలా బిగుసుకుంది. గుడికి బయల్దేరిన ఇంటి ఓనరు ఆంటీ పూజ పళ్ళెంతో పైనే ఆగిపోయింది.

"అరే బేటా, అబ్ మై నీచే కైసే జాఊఁ?" అంది, కిందికెలా దిగాలని.

"ఒక్క నిమిషం ఆంటీ!" అన్నాను.

ఆ నిమిషం సాయంత్రం దాకా సాగింది. (దేవుడి లడ్డూలు ఆంటీయే తినేసింది.) చివరికి బీరువాని వెనక్కి గుంజి, తాడు కట్టి బాల్కనీలోంచి ఎక్కించారు. "ఎడంచేతి వాడికి అప్పజెబితే ఇంతేరా" అన్నాడు అన్న. పొద్దున మేధావి చెయ్యి, సాయంత్రానికి అపశకునం చెయ్యి! మర్నాటి నుంచి రీజనింగ్ ఇంకెవడో చెప్పాడు. వాడిది కుడిచెయ్యి. దాని మీద ఎవరూ సిద్ధాంతం కట్టలేదు. ఇది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

మొన్న వైశాలిలో మా ఫ్లాటుకి సోఫా వచ్చింది. లిఫ్టులో పట్టలేదు. "సర్, కిధర్ సే?" అని ఎటు తిప్పాలో అడిగారు మోసేవాళ్ళు. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. "చెప్పండి మరి" అంది మా ఆవిడ. "నిలబెట్టి, ఎడమకి" అని గొణిగాను. గోడకి గీతైనా పడకుండా లోపలికొచ్చింది.

"ఎడంచేతి వాళ్ళకి ఇలాంటివి బాగా తెలుస్తాయంటారు, నిజమేనండీ!" అంది.

దెబ్బలాడదామని నోరు తెరిచాను. అంతలో, బీరువాకి ఇవతల నిలబడి "ఒక్క నిమిషం ఆంటీ" అంటున్న కుర్రాడు గుర్తొచ్చాడు. ఆ మెప్పు చేతిదే, నాది కాదు. అయినా వాడి తరఫున పుచ్చుకున్నాను.