ఆకుపచ్చ కోసం కాచుకున్న నలభైమంది

చదువు ఆకాశం నుంచి నేరుగా నెత్తిన పడుతుందని మేం నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో మా డిగ్రీ కాలేజీ మేడ మీద పెళ్ళిపందిరంత డిష్షు, కింది గదిలో బీరువా అంత టీవీ వెలిశాయి. ఎక్కడో హైదరాబాదులో ఒక సారు పాఠం చెప్తే మేం ఇక్కడ రాసుకునేవాళ్ళం. ఆయన్ని మేం ప్రశ్నలు అడగలేం (ఆయనా మమ్మల్ని అడగలేడు, ఈ సౌకర్యం నాకు తెగ నచ్చింది). మా కెమిస్ట్రీ మేడం మాత్రం "ల్యాబుకు రండప్పా, చేత్తో చేస్తేనే వస్తాది" అని రోజూ పోరేవారు. ల్యాబులో కంపు, టీవీ గదిలో ఫ్యాను. ఎవరు పోతారు?

మొదటి వారంలోనే నేనొక పరిశోధన చేశాను. ఫిజిక్సు ల్యాబులోంచి అయస్కాంతం జేబులో వేసుకొచ్చి, ఎవరూ లేనప్పుడు టీవీ తెర కుడిపక్కన ఆనించాను. రంగులు గిర్రున తిరిగాయి. తీసేశాక కూడా సర్దుకోలేదు. మర్నాటి నుంచి ఆ సారు ఎడమపక్క నిలబడితే మనిషి, కుడిపక్కకు నడిస్తే మామిడిపిందె. "ఏందిరా, సారు మొహం అట్లుండాది?" అన్నాడు కొంగ (పులికాట్ పిల్లోడు, ఒంటికాలి మీద నిలబడే అలవాటు). "ఏసీ గదిలో కూర్చుంటే అంతేరబ్బా" అన్నాను. అందరూ నమ్మారు. నెల తిరిగేసరికి నేనూ నమ్మేశాను.

తర్వాత టైట్రేషను పాఠం వచ్చింది. సారు కుడిపక్క బల్ల మీద ఫ్లాస్కులో యాసిడ్ పోసి, బ్యూరెట్టనే సన్న గొట్టంలోంచి క్షారాన్ని చుక్క చుక్కగా వదిలి, "చూశారుగా, ఈ రంగు రాగానే ఆపేయాలి" అన్నారు. రంగు పేరు చెప్పలేదు, కళ్ళెదుటే ఉంది కదా. లేత ఆకుపచ్చ. నలభైమందిమీ రాసుకున్నాం. (ఇంటర్లో చూడలేదా అంటారా? మా ఊళ్ళో ప్రాక్టికల్స్ అంటే పక్కవాడి రికార్డు చూసి రాయడమే.)

పరీక్షకు బయల్దేరేటప్పుడు, ఐరాలలో బెల్లం వండే మా నాయన తేల్చేశాడు: "ఈసారి తప్పినావంటే వచ్చి పొయ్యి ముందర కూసో. ఇంక సదువు లేదు."

ప్రాక్టికల్ పరీక్షలో చుక్కలు వదిలాను. గులాబీ రంగు వచ్చింది. మధ్యలో వచ్చే రంగేమో అనుకుని ఇంకా వదిలాను. ముదురు గులాబీ అయింది. బ్యూరెట్టు ఖాళీ అయితే మళ్ళీ నింపాను. చుట్టూ చూస్తే నలభై ఫ్లాస్కులూ తిరుచానూరు పూలంగడిలా వెలిగిపోతున్నాయి, ఒక్కడూ ఆపడంలేదు.

చిత్తూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు నా దగ్గర ఆగారు. "ఆపవేమప్పా?"

"ఇంకా ఆకుపచ్చ రాలేద్సార్."

కొంగను అడిగారు. "ఆకుపచ్చ రావల్ల సార్." మూడోవాడూ అదే. ఆయన సీసా మీద చీటీ చదివారు, వాసన చూశారు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చివరికి మేడంతో మెల్లగా, "ఈడ ఏమన్నా కొత్త పద్ధతా మేడం?" అన్నారు. మళ్ళీ మా వైపు తిరిగి, "ఎవరప్పా మీకు చెప్పింది?" అంటే నలభై వేళ్ళు టీవీ గది వైపు లేచాయి.

వెళ్ళి టీవీ పెట్టించారు. వార్తలు చదివే ఆవిడ ఎర్రచీర కుడి భుజం దగ్గర తమలపాకు రంగులో ఉంది. ఎగ్జామినరు మేడం వైపు తిరిగి, "దీన్ని నమ్ముకుని ల్యాబు మూసేసినారా? నేను పైకి రాయాల్సి వస్తాది" అన్నారు. మేడం తల వంచుకున్నారు. నాకు బెల్లం పొయ్యి సెగ తగిలింది. అయినా నోరు ఊరుకోలేదు.

"మేడం రమ్మంటానే ఉన్నారు సార్, మేమే పోలేదు. టీవీకి అయస్కాంతం పెట్టింది నేనే."

వెనకనుంచి కొంగ, "ఏసీ గది అంటివి కదరా, పాపిష్టోడా!" అన్నాడు. ముందు నవ్వింది ఎగ్జామినరే. అందరికీ మళ్ళీ ఫ్లాస్కులిచ్చారు. మేడం నా వెనకే నిలబడి, "ఒక చుక్క... ఇంకొకటి... ఆపు" అన్నారు. లేత గులాబీ. అంత లేత రంగుని ఏ టీవీ చూపించగలదు?

పాసయ్యానని సంగతంతా చెప్తే మా నాయన నోరు తెరిచాడు. "రంగు సూసి దించేదానికి మూడేండ్లా! పొయ్యి కాడికొస్తే బెల్లం పాకంతోనే ఒక్కపూటలో నేర్పించుంటా కదరా."

ఇప్పుడు నేనూ కెమిస్ట్రీ సారునే. ఒక్కోసారి ఫోనులో వీడియో పాఠం చెప్పాల్సి వస్తుంది. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒకటే అడుగుతాను: "నా మొహం ఏ రంగులో కనబడతా ఉండాదిరా?" సారుకు అందం మీద ధ్యాస ఎక్కువని పిల్లలు చాటుగా నవ్వుకుంటారట. నవ్వుకోనీ. నేను జవాబు వచ్చేదాకా పాఠం మొదలుపెట్టను.